నలభై ఆరు, నలభై ఏడు

పొద్దున్నే గోళ్లెందుకు కత్తిరించుకున్నాను, అనుకున్నాడు వెర్లిన్, స్టీరింగు మీద తన వేళ్లు తనకే ఎవరివో అన్నట్టు కనబడుతుంటే, చావు జరిగిన ఇంటికి పలకరింపుకి వెళ్లేవాడు గడ్డం గీసుకుంటాడు, ఉతికిన చొక్కా వేసుకుంటాడు, అంతేగాని గోళ్లు మొదలంటా కత్తిరించుకుని, చేతులు సబ్బుతో తోముకుని, జేబులో మెత్తటి గుడ్డ పెట్టుకుని బయల్దేరడు, అవి పాత రివాల్వరు చేతిలోకి తీసుకోబోయేముందు చేసే పనులు, వందేళ్లు దాటిన ఉక్కు మీద గోటి గీత పడినా చెమట చెయ్యి అచ్చు పడినా ఇక పోదు కాబట్టి అలవాటైన పనులు, అంటే తను దేనికి వెళ్తున్నాడో చేతులకి ముందే తెలుసన్నమాట, మొన్న నోలా ఫోను చేసినప్పుడు నోటికి తెలిసినట్టే, నేనండీ నోలాని, థర్మోపొలిస్ నుంచి, క్లీట్ ఓడెగార్డ్ భార్యని, క్లీట్ పోయాడండి, సోమవారం, ఖననం కూడా అయిపోయింది, మీకు చెప్పాలని మాలో ఎవరికీ తట్టలేదు, ఆ తుపాకీ మీకు కావాలేమోనని, అని ఆవిడ ఇంకా ఏదో అంటుండగానే, దాన్ని ఏ గదిలో ఉంచారు, అక్కడ తేమ లేదు కదా, అన్నాడు తను, మొట్టమొదట అన్నది ఆ మాటే, ఆవిడ, వంటింటి బీరువాలో, పొడిగానే ఉంటుంది, అని జవాబు చెప్పింది, పాపం, అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పింది.

గాలి పికప్పు ట్రక్కుని పక్కకి తోస్తోంది, తన ఊరు కాస్పర్ దాటితే గాలి ఎప్పుడూ ఇంతే, మంచుని ఆపడానికి రోడ్డువారన కట్టిన కర్రకంచెలకి ఎండుగడ్డి ఉండలు అతుక్కుని వణుకుతున్నాయి, ఈ రోడ్డు మీదే క్లీట్ ముప్పై చలికాలాలు మంచు తోసే బండి నడిపాడు, నేను తోసిన రోడ్డు మీద నువ్వు షికారు చేస్తావు, అనేవాడు, తను నూనెశుద్ధి కర్మాగారంలో వెల్డింగు చేసేవాడు, నీ బండిలో పోసే పెట్రోలు నాది, అనేవాడు తనూ, ఎక్కడ మొదలైంది ఇదంతా, కాస్పర్‌లో పాత తుపాకుల సంతలో, పచ్చగుడ్డ పరిచిన బల్ల మీద క్లీట్ పెట్టుకున్న కోల్ట్ సింగిల్ యాక్షన్ రివాల్వరు దగ్గర, ప్రతి తూటాకీ బొటనవేలితో సుత్తిని వెనక్కి లాగాల్సిన ఆ పాతకాలపు రకం, వంగి అడుగున నెంబరు చదివితే చివర నలభై ఏడు, తన ఇంట్లో ఉన్నదానికి చివర నలభై ఆరు, ముందరి అంకెలన్నీ అవే, ఎంతకిస్తావు అన్నాడు తను, అమ్మేది కాదు అన్నాడు బల్లవెనక పొడుగాటి మనిషి, అమ్మనిదాన్ని ఎందుకు పెట్టావు మరి, నీలాంటోళ్లు చూసి ఏడవడానికి, అప్పుడు తను నలభై ఆరు సంగతి చెప్పాడు, క్లీట్ పొగాకు నమలడం ఆపేశాడు, తను ఇంటికెళ్లి దాన్నీ తెచ్చి పక్కన పెట్టాడు, తర్వాత కోల్ట్ కంపెనీకి రాసి పాత లెక్కలు తీయిస్తే తేలింది, రెండూ ఒకే పెట్టెలో షైయెన్‌లో ఒక ఇనపసామాన్ల కొట్టుకి వచ్చాయని, ఎవరు కొని ఉంటారు, అన్నదమ్ములు అంటాడు క్లీట్, కాదు పందెం కాసుకున్న తాగుబోతులిద్దరు అంటాడు తను, ఆ గొడవ ఎన్నేళ్లు నడిచిందో, నీది నాకు అమ్ము, కాదు నీదే నాకు అమ్ము, నీదానికి ఎవడో వెధవ గొట్టం మీద పాతరంగంతా పోయేలా పాలిష్ పెట్టాడు, అద్దంలా మెరుస్తోంది, సిగ్గులేదూ దాన్ని బయటికి తియ్యడానికి, నీదాని రంగు మాత్రం మిగిలిందా, బూడిదరంగు గాడిదలా ఉంది, ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఫోను, ఏరా ముసలోడా ఇంకా ఉన్నావా, ఉన్నాను, అమ్ముతావా, ఇవ్వను, నువ్వు అమ్ముతావా, చచ్చినా ఇవ్వను, సరేలే నువ్వు పోయాక నోలా దగ్గర కొనుక్కుంటా, ఆ మాట తను చాలాసార్లు అన్నాడు, ప్రతిసారీ క్లీట్ నవ్వాడు.

ఇప్పుడు కొనుక్కోవడానికే వెళ్తున్నాడు, సంతోషం రావాలి కదా, లేకపోతే దుఃఖమైనా రావాలి, రెండింట్లో ఏదో ఒకటి వస్తుందని మొన్నటినుంచి చూస్తూనే ఉన్నాడు, వండుకున్నాడు, తిన్నాడు, పడుకున్నాడు, నిద్ర కూడా బాగానే పట్టింది, లోపల మాత్రం ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినట్టు ఏ గదిలోనూ ఎవరూ లేరు, భార్య మార్లా తనని వదిలి వెళ్లిన వారం కూడా ఇలాగే ఉండింది, కాదు, సరిగ్గా ఇలా కాదు, ఆ ఆదివారం క్లీట్ ఫోను చేసి, వెళ్లిపోయిందటగా, అని ఒక్కసారి అడిగి, మరి డబ్బు అవసరం పడుతుంది, నలభై ఆరు ఇచ్చెయ్యి, అన్నాడు, తను కస్సుమన్నాడు, ఆ కస్సు మీద చీకటిపడేదాకా సాగింది మాట, తుపాకుల మాటే, ఇంకేమీ లేదు, ఫోను పెట్టేసి చూసుకుంటే ఆకలేసింది, చాలారోజుల తర్వాత గుడ్లు వేయించుకున్నాడు, మొన్న జనవరి నుంచి క్లీట్ గొంతు సన్నబడింది, వెనక ఏదో కీచుకీచుమని ఆగి ఆగి మోగేది, ఏంట్రా ఆ చప్పుడు అంటే, నోలా పాప్‌కార్న్ చేస్తోంది అన్నాడు, తర్వాతి ఆదివారం కూడా పాప్‌కార్నే, ఆ తర్వాత కూడా, ఇన్ని పాప్‌కార్న్‌లు ఎవడు తింటాడని తను అడగలేదు, అమ్ముతావా అనే అడిగాడు.

షొషోని ఊరు దాటి కొండల మధ్య లోయలోకి దిగాక గాలి ఆగింది, సొరంగాల్లో ట్రక్కు చప్పుడు తనమీదికే తిరిగొచ్చింది, లోయ బయటపడేసరికి ఊరి వేడినీటి బుగ్గల వాసన, కుళ్లిన గుడ్డు వాసన, ఈ వాసనలో ఎలా బతుకుతారురా అంటే, కాస్పర్‌లో మీ కర్మాగారం అత్తరు చల్లుతుందా అన్నాడు క్లీట్, ఇల్లు తేలిగ్గానే దొరికింది, ఒక్కసారే వచ్చాడు ఇక్కడికి, అదీ గుమ్మందాకా, నోలా తలుపు తీసింది, పొట్టి మనిషి, మగవాళ్ల స్వెట్టరు, మోచేతుల దగ్గర చిరిగింది, రండి, కాళ్లు తుడుచుకోనక్కర్లేదు, ఇప్పుడెవరూ తిట్టరు, అంది, వంటింట్లో బల్ల నిండా ఇరుగుపొరుగులు తెచ్చిన గాజుగిన్నెలు, మూతల మీద అతికించిన కాగితాల్లో వాళ్ల పేర్లు, బంగాళదుంపలు చీజ్ వేసి కాల్చినదే నాలుగైదు గిన్నెల్లో ఉంది, చనిపోయినవాళ్ల ఇంట్లో బంగాళదుంపలే ఎందుకు తినాలో నాకర్థం కాదు, తినండి, నావల్ల కావట్లేదు, అని పళ్లెంలో పెట్టింది, తను తిన్నాడు, చాలా బావుంది అన్నాడు, రుచి ఏదీ తెలియలేదు, క్లీట్ గురించి నాలుగు మాటలు చెప్పాలని రోడ్డంతా అనుకున్నాడు, మంచి మనిషి అని చెప్పొచ్చు, కానీ మంచి మనిషో కాదో తనకేం తెలుసు, నమ్మకస్తుడు అనొచ్చు, తను దేనికీ నమ్మాల్సి రాలేదే, చివరికి ఊపిరితిత్తులేనా అన్నాడు, ఊపిరితిత్తులే అంది ఆవిడ, జనవరిలో ఆస్పత్రిలో చేర్పించాం, ఆదివారం మీతో మాట్లాడేటప్పుడు నర్సుని గదిలోకి రానిచ్చేవాడు కాదు, ముక్కుకి పెట్టిన ఆక్సిజన్ గొట్టం తీసేసి, పక్కన మిషను కీచుమంటున్నా మాట్లాడేవాడు, తర్వాత సాయంత్రం దాకా ఆయాసపడేవాడు, ఎందుకంత అంటే, వాడికి తెలిస్తే తుపాకుల గురించి మాట్లాడడు, ఇంక నా గురించి మాట్లాడతాడు, అన్నాడు, తెలుసా మీకు, అని ఆవిడ అడిగితే, పాప్‌కార్న్ అని చెప్పేవాడు, అన్నాడు వెర్లిన్, ఆవిడకి అర్థం కాలేదు, తనూ వివరించలేదు.

ఆవిడ బీరువాలోంచి ఒక ఉన్ని మేజోడు తెచ్చి బల్ల మీద పెట్టింది, క్లీట్ మేజోడు, మడమ దగ్గర రఫ్ఫు చేసి ఉంది, తను లేచి చేతులు కడుక్కుని వచ్చి, తియ్యొచ్చా అని అడిగి తీశాడు, తుపాకీ పక్కనున్న చిన్న తలుపు తెరిచి చక్రం తిప్పి తూటాల గదులన్నీ ఖాళీ అని చూసుకున్నాడు, చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి, నెంబరు కొట్టిన మూడుచోట్లా ఒకటే, ఏ భాగమూ మార్చలేదన్నమాట, చెక్కపిడికి ఎడమపక్క అరుగుదల, ఎవడో ఎడంచేతి వాటంవాడు మోసినది, చిన్నతలుపు అంచున నీలం రంగు కాస్త, నీళ్ల మీద నూనె తేలినట్టుండే ఆ పాత రంగు, ఇంకా మిగిలే ఉంది, గాడిద అని ఇన్నేళ్లు వెక్కిరించాడు గాని, అది అక్కడ ఉందని తనకి మొదటిరోజే తెలుసు, ట్రక్కులోంచి, అదీ ఒక మేజోట్లోనే ఉన్న తన నలభై ఆరు తెచ్చి పక్కన పెట్టాడు, సంతలో ఆ ఒక్కరోజు తర్వాత రెండూ కలవడం ఇదే, క్లీట్ ఒప్పుకునేవాడు కాదు, ఒకదాన్నొకటి చూసుకుంటే తర్వాత బెంగపడతాయి అనేవాడు, ఇవిగో, చూసుకుంటున్నాయి, బల్లకి పరిచిన మైనపుగుడ్డ మీద, బంగాళదుంపల గిన్నె పక్కన, రెండు ఇనపముక్కలు, అంతే, ఇదేనా మీకు కావాల్సింది, అంది నోలా, ఇదే, అన్నాడు, మీకొక మాట చెప్పాలి, అంది ఆవిడ, చెప్పకుండా ఇస్తే నాకు నిద్రపట్టదు, ఆఖరివారంలో క్లీట్ అన్నాడు, నలభై ఏడుని ఎవరికైనా అమ్ముకో, ఊరికే ఇచ్చెయ్, నదిలో పారెయ్, వెర్లిన్‌గాడికి మాత్రం ఇవ్వకు అని, అంత పగ దేనికయ్యా అన్నాను నేను, నవ్వాడు, నవ్వితే దగ్గొచ్చింది, అది తగ్గాక అన్నాడు, ఇచ్చేస్తే ఇంక ఆదివారాలు వాడేం చేస్తాడే అని, నాకేమీ బోధపడలేదు, మీకేమన్నా తెలుసా, వెర్లిన్ జేబులోంచి గుడ్డ తీసి నలభై ఏడు గొట్టం తుడవడం మొదలుపెట్టాడు, తుడవడానికి అక్కడేమీ లేదు, తెలీదండీ, అన్నాడు, ఆవిడ తలూపింది, నేను ఆయన మాట తప్పుతున్నాను, ఆయన చేతులు పడినవన్నీ ఇంట్లో ఇలా ఎదురుగా ఉంటే నావల్ల కాదు, బూట్లు ఇచ్చేశాను, ఇది కూడా పోనివ్వండి, అంది, వద్దు అనొచ్చు, వద్దంటే ఎందుకో చెప్పాలి, చెప్పడానికి లోపల ఏదైనా ఉండాలి, చెక్కు రాసి ఇచ్చాడు, ఆవిడ చూడకుండానే ఉప్పుడబ్బా కింద పెట్టింది, గుమ్మం దాకా వచ్చి, జాగ్రత్తగా వెళ్లండి, గాలి ఎక్కువగా ఉంది, అని ఒక గిన్నెడు బంగాళదుంపలు కూడా చేతిలో పెట్టింది.

తిరుగుదారిలో లోయ, సొరంగాలు, పక్కన నది, ఏదీ సరిగ్గా గుర్తులేదు, షొషోనిలో పెట్రోలు కొట్టించడానికి ఆగాడు, లోయలో పనిచెయ్యని ఫోను జేబులో బతికి కిర్రుమంది, ఏదో ప్రకటన, పక్కసీటులో రెండు మేజోళ్లు పక్కపక్కన, బరువుకి సీటు కొద్దిగా గుంటపడింది, దొరికింది కదా, అనుకున్నాడు, జత కుదిరింది, ఇలాంటి జతలు దేశం మొత్తం మీద ఎన్నుంటాయి, ఎవరికైనా చెప్పాలి, మార్లాకి చెప్తే మంచిది అంటుంది, సంతలో వాళ్లకి చెప్తే ఎంతకి కొన్నావంటారు, ఇది విని అన్నం సయించక, కుర్చీలో కుదురుగా కూచోలేక మండిపడేవాడు కావాలి, దొంగవెధవా, నా ఇంట్లో దూరి నా పెళ్లాం చేత తిండి తిని నా తుపాకీ ఎత్తుకొస్తావా, అని కేకలేసేవాడు కావాలి, చూశావట్రా ముసలోడా, కొట్టేశాను చివరికి, నోలాయే నా చేతిలో పెట్టింది, అని చెప్తే ఏమంటాడో, అనుకుంటూనే ఫోను తీశాడు, బొటనవేలు కిందికి జరుపుకుంటూ పోయి పేరు మీద ఆగింది, నొక్కబోయి ఆగింది, గాలికి ట్రక్కు ఊగుతోంది, పెట్రోలు బంకులో అమ్మాయి అద్దంలోంచి చూస్తోంది ఈయన ఇంకా కదలడేం అని, నోలా ఫోను చేసిన దగ్గర్నుంచి నలభై ఏడు దొరుకుతుంది, నలభై ఏడు వస్తుంది, నలభై ఏడు ఎలా ఉందో, అనే అనుకున్నాడు, ఆవిడ మొదట చెప్పిన మాటని పక్కకి నెట్టి ఆ తర్వాతి మాట పట్టుకుని ఇంతదూరం వచ్చాడు, తనకి ఏ రోజూ ఆ తుపాకీ అక్కర్లేదు, ఇవ్వను అనే మనిషి కావాలి, ఆ మనిషి ఫోను ఎత్తడు, ఈ ఆదివారం ఎత్తడు, వచ్చే ఆదివారం ఎత్తడు, అద్దాలు మూసిన ట్రక్కులో వెర్లిన్ ఆ మాటని మొదటిసారి పైకే అన్నాడు, తన చెవికి వినబడేలా, ఎవరికో కబురు చెప్తున్నట్టు నెమ్మదిగా, క్లీట్ చచ్చిపోయాడు.