నేను తాగిన సాంబ్రాణి పొగ

నేను ఒక గాలి తాగే యంత్రాన్ని. నవ్వకండి! పైన రేకు గొడుగు, కింద మోటారు, మధ్యలో ఒక తెల్లకాగితం. గాలిని పీల్చి, అందులోని మురికిని ఆ కాగితం మీద పట్టిపెట్టడమే నా ఉద్యోగం. మనుషులు ఎంత పొగ వదిలారో నేను తాగి మరీ మనుషులకే చెప్పాలి. ఇంతకన్నా దిక్కుమాలిన కొలువు ఇంకోటి ఉంటుందా?

ఎక్కడో చిన్న కార్ఖానాలో నన్ను బిగించి, చెక్కపెట్టెలో గడ్డి కుక్కి రైలెక్కించారు. పెట్టె విప్పిన మనిషి డాక్టర్ హైమావతి. సూదులేసే డాక్టరు కాదు. గాలిలో ఏమేం కలుస్తున్నాయో, అవి మనిషి ఊపిరితిత్తుల్ని ఏం చేస్తున్నాయో చదివే కాలేజీ ఆవిడ. నన్ను తీసుకెళ్లి రేవుపేటలో అప్పయ్యమ్మ డాబా మీద పెట్టింది.

ఆ డాబాకి ఎదురుగా గోడ, గోడవతల ఓడల్లోంచి దింపిన బొగ్గు గుట్టలు. పొద్దున ఆరేసిన తెల్లచీర మధ్యాహ్నానికి నల్లబడేది. అప్పయ్యమ్మ మనవరాలు నీలవేణికి ఐదేళ్లు. డాబా మెట్లు సగం ఎక్కేసరికి ఆయాసం వచ్చి కూలబడేది. ఆ పిల్ల గుండెల్లో పిల్లికూతలు నా మోటారు రొదలో కూడా నాకు వినపడేవి. నాకంటే కాగితం మారుస్తారు, పాపం ఆ పిల్లకి ఏం మారుస్తారు?

గుట్టల మీద టార్పాలిన్లు కప్పించాలని హైమావతి పట్టుదల. దసరా వెళ్లాక అధికారుల ముందు విచారణ ఉంది. పండగనాడు ఆ బొగ్గు యార్డు మూసేస్తారు. పనిరోజు కాగితం నల్లగా, పండగరోజు కాగితం తెల్లగా పక్కపక్కన పెట్టి చూపిస్తే ఇక ఎవరూ నోరెత్తలేరని ఆవిడ లెక్క.

పండగ రానే వచ్చింది. ఆయుధపూజ అంటూ అప్పయ్యమ్మ కత్తిపీటకీ, కుట్టుమిషనుకీ బొట్లు పెట్టి, డాబా ఎక్కి నాకూ పసుపు రాసి బంతిపూల దండ వేసింది. అంతటితో ఆగిందా? సరిగ్గా నా గొడుగు కింద సాంబ్రాణి ధూపం పెట్టింది! అబ్బ, ఏం వాసనండీ! పుట్టి బుద్ధెరిగాక బొగ్గు తప్ప ఎరగని దాన్ని, ఆబగా తాగేశాను. తల్చుకుంటే ఇప్పటికీ మోటారు తిరుగుతున్నట్టే ఉంటుంది.

మర్నాడు హైమావతి కాగితం తూచి, నమ్మలేక మళ్లీ తూచింది. యార్డు మూసిన రోజే మురికి అన్నిటికన్నా ఎక్కువ! పరుగున డాబాకొచ్చింది. నా మెడలో దండ, కింద బూడిద చూసింది.

"అప్పయ్యమ్మగారూ, ఇక్కడ ధూపం వేశారా?"

"ఎయ్యనేటమ్మా మరి? ఏడాదంతా మాకోసం ఎండలో కష్టపడతంది. పండగపూట దానికి మాత్రం పూజొద్దా?"

హైమావతి నెత్తి పట్టుకుని కూర్చుంది. ఇంతలో కింద పెరట్లోంచి దగ్గు. తలంటి పోసిన నీలవేణి జుట్టుకి నిప్పుల మీద గంప బోర్లించి సాంబ్రాణి పొగ పట్టిస్తోంది అప్పయ్యమ్మ కోడలు. హైమావతి గబగబా దిగి పిల్లని పక్కకి లాగింది.

"బొగ్గు ఆపించడానికి నాకు టైం పడుతుందమ్మా. ఈ పొగ మాత్రం మీ చేతిలోనే ఉంది."

అప్పయ్యమ్మ మూతి ముడుచుకుంది. "మాయమ్మ నాకేసింది, మరి నాకేటయింది?" అని గొణిగింది. కానీ పిల్ల ముఖం చూసి నిప్పుల మీద నీళ్లు పోసేసింది.

ఆ పండగరోజు కాగితం చించి పారెయ్యమని కాలేజీలో అందరూ చెప్పారు. హైమావతి వినలేదు. విచారణకి రెండు కాగితాలూ తీసుకెళ్లింది, సాక్ష్యానికి నన్నూ జీపెక్కించింది. అనుకున్నంతా అయింది. "మా యార్డు మూసినరోజే గాలి పాడైంది. మీ వంటిళ్ల పొగకి మమ్మల్నంటారేం?" అని యార్డు వకీలు ఎగిరాడు. ఒకదాంట్లో బొగ్గు, ఇంకోదాంట్లో సాంబ్రాణి అని పరీక్షలో తేలిందని హైమావతి చెబుతూనే ఉంది, ఎవరూ చెవిన పెట్టడంలేదు. నా మనసు కుతకుతలాడిపోయింది.

అప్పుడు వెనక బెంచీలోంచి అప్పయ్యమ్మ లేచింది.

"ఆ పొగ నాదే బాబూ. నానే ఏసినాను. పిల్లకి పడదని తెలిసింది, మానేసినాను. మరి మీరెప్పుడు మానేస్తారు?"

వకీలు కాగితాలు సర్దుకున్నాడు. అధికారులు గుట్టలు కప్పమని ఉత్తర్వు రాశారు, మళ్లీ ఏడు వానలు మొదలయ్యేలోగా టార్పాలిన్లు వచ్చాయి.

ఇప్పుడు నా మోటారు కాలిపోయింది. కాలేజీ మేడ మీద పాత సామాన్ల గదిలో, పేరు రాసిన అట్టముక్క తగిలించుకుని కూర్చున్నాను. గాలి పీల్చి ఎన్నాళ్లయిందో! మొన్న దసరాకి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. నీలవేణి ఒక్క గుక్కలో పైకెక్కేసి, "రా నానమ్మా!" అని కేకేసింది. ఎదిగిన పిల్ల, రొప్పు లేదు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పయ్యమ్మ మెల్లిగా వచ్చి నాకు బొట్టు పెట్టింది. అలవాటు కొద్దీ సాంబ్రాణి పొట్లం బయటికి తీసింది. నేను ఆశగా చూశాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, పొట్లం మళ్లీ బొడ్లో దోపుకుని, నా గొడుగు నిమిరింది.

"వద్దులే తల్లీ. నీకూ పడదు."