కిక్కిస కింద ఎర్రగీత

పక్షపాతి అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ముప్పయ్యేళ్లు ఏలూరులో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన నన్ను నిరుడు ఆ మాట అన్నారు. మా సాహిత్య సంఘం పెట్టిన అనువాద పోటీలో బహుమతి నా పాత విద్యార్థికి వచ్చింది. దస్తూరి గుర్తుపట్టి మార్కులు వేశానట. గుర్తుపట్టిన మాట నిజమే. మార్కులు మాత్రం దస్తూరికి వేయలేదు. చెబితే ఎవరు నమ్ముతారు?

అందుకని ఈ ఏడు పంతం పట్టాను. కాగితాల మీద పేర్లుండవు, నంబర్లే. దస్తూరీ కనపడదు, యాభై రెండు కాగితాలనూ డీటీపీ సెంటరు పింకీ టైపు చేసి ఇస్తుంది. దిద్దేది ఇద్దరం, నేనూ, తాడేపల్లిగూడెంలో తెలుగు టీచరుగా ఉన్న రత్నమాణిక్యం గారూ. నేను రాసిన మాదిరి అనువాదం పక్కన పెట్టుకుని, అర్థం చెడిన ప్రతి చోటా ఐదు మార్కులు కోత. ఫలితాలు వేశాక ఎవరైనా మూడు రోజుల్లో వచ్చి తమ కాగితం చూసుకోవచ్చు. ఇంత పకడ్బందీగా ఏ పోటీ జరగదని నేనే నలుగురికీ చెప్పుకు తిరిగాను.

గెలిచినవారికి ఇచ్చేది ఒక పుస్తకం పని. సరస్సుల మీద రాసిన ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని వాళ్లు తెలుగు చేస్తారు, అట్ట మీద వాళ్ల పేరు పడుతుంది. పోటీకి ఇచ్చిన పేజీ కూడా అందులోదే. తెల్లవారుతుండగా ఒక పడవ నీళ్లలో మొలిచిన రీడ్స్ మధ్య నుంచి వెళుతుంది. ఆ రీడ్స్ అన్న మాట నాలుగుసార్లు వస్తుంది. నేను రెల్లు అని రాశాను. పోటీదారుల్లోనూ దాదాపు అందరూ అదే రాశారు.

పదిహేడో నంబరులో మాత్రం 'కిక్కిరిసి మా వెనకే మూసుకుంది' అని ఉంది. ఏమిటి కిక్కిరిసింది? నాలుగు చోట్లా ఇదే తంతు. నవ్వుకుని ఇరవై మార్కులు కోసేశాను. మిగతాదంతా బాగుందే అని కాస్త జాలి కూడా పడ్డాను. రత్నమాణిక్యం గారూ అలాగే కోశారు.

ఫలితాలు వేసిన మూడో రోజు ఒకే ఒక్కరు వచ్చారు. గుడివాకలంక నుంచి వచ్చిన అంగన్‌వాడీ టీచరు హన్నమ్మ. నలభై ఐదేళ్లుంటాయి. ఆమెది పదిహేడో నంబరు. టైపు చేసిన కాగితం చేతిలో పెట్టాను. నిలబడే చదివింది.

"ఇది నేను రాసింది కాదండీ," అంది.

ఓడినవాళ్లందరూ అనే మాటే అనుకుని విసుక్కున్నాను. నేను అంత గట్టిగా మాట్లాడినా ఆమె గొంతు పెంచలేదు. తమ చర్చికి ఎవరొచ్చి ఇంగ్లీషులో ప్రసంగించినా పక్కన నిలబడి తెలుగు చెప్పేది తనేనని, పదహారో ఏటి నుంచీ అదే పని అని చెప్పింది.

"ఎన్ని చెప్పినా గాల్లో కలిసిపోయినవేనండీ. ఒక్కటి అచ్చులో ఉండాలని ఆశండీ."

బీరువా తీసి అసలు కాగితం బయట పెట్టాను. నీలం సిరాతో, తొందర లేని గుండ్రటి అక్షరాలు. 'కిక్కిస మా వెనకే మూసుకుంది. మేమసలు రానట్టే ఉంది.'

అంతే. నా మాదిరి అనువాదంలో ఆ రెండు వాక్యాలకూ మూడు పంక్తులు పట్టాయి.

రెల్లు అని ఎందుకు రాయలేదని అడిగాను. అప్పటికీ నా పొగరు పూర్తిగా దిగలేదు.

"రెల్లు ఇసకలో కదండీ పెరిగేది. ఇక్కడ పడవ నీళ్ల మీదుందండి."

 ఆమె వెళ్లాక పింకీకి ఫోను చేస్తే దాచకుండా చెప్పింది. ఆ మాట కింద కంప్యూటరు ఎర్రగీత గీసిందట. తప్పేమో, పాపం అనుకుని కంప్యూటరు చూపించిన మాట పెట్టిందట. అలా దయతలచి దిద్దిన కాగితాలు ఇంకో పదకొండు ఉన్నాయి. దస్తూరి దాచబోయి మనుషుల మాటలే దాచేశాను.

మర్నాడు, ఎవరైనా చూస్తే ఏమంటారోనని ఆమె ఊరు వైపు పోకుండా కొల్లేటికోట వైపు వెళ్లి పడవ ఎక్కాను. నీళ్లలో మనిషెత్తున లేచి ఉన్న ఆ మొక్కేమిటని పడవాయన్ని అడిగాను. "కిక్కిసండీ," అన్నాడు, ఇదీ తెలియదా అన్నట్టు. పడవ అందులోకి దూరింది. గెడకర్ర చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండు పక్కలా ఆకులు నా భుజాలు రాసుకుంటూ వెనక్కి పోయాయి. కాసేపటికి తిరిగి చూశాను. వచ్చిన దారి లేదు. నీళ్ల మీద గీత కూడా లేదు.  ఏలూరు ఇక్కడికి ఎంత దూరమని! అరవై ఏడేళ్లు ఇంత దగ్గర బతికి నేను చూడనిదాన్ని ఆవిడ రెండు వాక్యాల్లో పెట్టింది. పడవలోనే మాదిరి అనువాదం తీసి రెల్లు కొట్టేశాను.

కానీ పదిహేడు ఎవరో ఇప్పుడు నాకు తెలుసు. ఇక నేను దిద్దితే అది మళ్లీ పక్షపాతమే. పాత ఫలితాలు రద్దు చేసి, నేను తప్పుకున్నాను. ఎర్రగీతలు ఎన్ని పడినా ఒక్క అక్షరం ముట్టుకోవద్దని చెప్పి పింకీ చేత అన్నీ మళ్లీ టైపు చేయించి, నంబర్లు మార్పించి తాడేపల్లిగూడెం పంపాను. రెల్లు నా తప్పు గనుక అది రాసినవాళ్లకూ కోత వేయవద్దని రాశాను. కిక్కిస గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పాలని చెయ్యి ఎంత గుంజినా చెప్పలేదు.

పది రోజులకు కవరు వచ్చింది. మొదటి బహుమతి నలభయ్యో నంబరుకు. దాని పక్కన రత్నమాణిక్యం గారు పెన్సిలుతో రెండు ముక్కలు రాశారు.

'కిక్కిస అంటే ఏమిటో నాకు తెలియదండీ. చదువుతుంటే నా వెనక కూడా మూసుకుంది.'