తువ్వాలు చుట్టిన లాప్‌టాప్

స్కూలు గేటు దగ్గర కారు దిగనివ్వలేదు. మాస్కు పెట్టుకున్న టీచరమ్మ డిక్కీ తెరవమని సైగ చేసి, లాప్‌టాప్ పెట్టె లోపల పెట్టి, వెనక్కి జరిగి చెయ్యి ఊపింది. కరోనాకి మూసేసిన బడులు తెరిచేదాకా వాడుకుని తిరిగి ఇచ్చేయాలి.

అప్పటిదాకా మా అమ్మాయి జూడీ పదో తరగతి పాఠాలు నా ఫోనులోనే వినేది. దాని అద్దం పగిలిపోయి ఉంది. లెక్కల టీచరు గీసిన గీత ఏదో, పగులు ఏదో తెలిసేది కాదు. పిల్ల ఒక కన్ను మూసి ఫోను అటూ ఇటూ వంచి చూసుకునేది. అడిగితే "ఇట్స్ ఫైన్, డాడీ" అనేది. మర్నాడు పొద్దున్నే లెక్కల పరీక్ష. అందులో మంచి మార్కులొస్తేనే వచ్చే ఏడు అది కోరుకున్న పెద్ద లెక్కల క్లాసులో చేర్చుకుంటారు.

ఇంటికొచ్చి పెట్టె బల్ల మీద పెట్టాను. జూడీ చెయ్యి చాపేలోపే మా అమ్మ ప్రిస్సిల్లమ్మ అందుకుంది. మనవరాలిని చూసి పోదామని ఊరినుంచి మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్ వచ్చి, విమానాలు ఆగిపోవడంతో మా దగ్గరే ఉండిపోయిన మనిషి. ఉతికిన తువ్వాలు తెచ్చి పెట్టెకు చుట్టి, బైబిలు ఉండే అలమరాలో పెట్టింది.

"అయ్యగారొచ్చి ప్రార్థన చేశాకే ముట్టుకోవాలి."

మా వైపు అంతే. కొత్త సైకిలైనా, కుట్టుమిషనైనా పాస్టరుగారు చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తేగాని వాడరు. ఇక్కడ కారు కొన్నప్పుడు నేనూ చేయించాను. కాని మా పాస్టరు కనకరాజుగారిల్లు మెల్‌బోర్న్‌కి అటు చివర. ఇల్లు దాటి ఐదు కిలోమీటర్లకు మించి ఎవరూ పోకూడని రోజులవి.

"నానమ్మా, ఇట్స్ ఎ లాప్‌టాప్, నాట్ ఎ ట్రాక్టర్!"

"ట్రాక్టరైతే పొలంలోకి పోద్ది. ఇది నీ బుర్రలోకి పోయేది. దీనికే ఇంకా ఎక్కువ కావాలి ప్రార్థన."

"బట్ రేపు టెస్ట్!"

"మీ నాన్న ఫోనుకి చేయించాడా? చేయించలా. ఏమైందో చూశావుగా."

జూడీ నా వైపు చూసింది. అమ్మకు ఎదురు చెప్పడం నాకు చిన్నప్పటినుంచీ రాదు. పిల్ల గదిలోకి పోయి తలుపేసుకుంది. అన్నానికి వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అమ్మ కూడా చూసింది. కోడికూరలో పెద్ద ముక్క ఏరి దాని కంచంలో వేసింది. అలమరా మాత్రం తెరవలేదు.

పొద్దున నా భార్య రూత్ వృద్ధుల హోములో డ్యూటీ దిగి వచ్చింది. సంగతి వింటూనే చెప్పులైనా విప్పకుండా నా మీద పడింది.

"తల్లీకొడుకులు బాగానే ఉన్నారు! అయ్యగారికి ఒక్క ఫోను చేస్తే నోరు అరిగిపోద్దా?"

నా ఫోనే లాక్కుని తనే చేసి, సంగతి చెప్పి, స్పీకరు పెట్టింది.

"వందనాలు ప్రిస్సిల్లమ్మగారూ. నేను రాలేనమ్మా, పోలీసులు ఆపుతారు," అన్నారు పాస్టరుగారు. "మీరే చెయ్యి పెట్టి చెయ్యండి."

"అయ్యగారుండగా నేనా? ఎట్టా అండీ?"

"మీ మనవరాలికి జొరమొస్తే ఎవరు చేస్తారు?"

"నేనే."

"మరి ఇదీ అంతే."

అమ్మ అలమరా తెరిచి పెట్టె దించింది. తువ్వాలు విప్పింది. జూడీ లాప్‌టాప్ తెరిచి, పాస్‌వర్డ్ అడిగే చోటికి వచ్చేసరికి, అమ్మ కొంగు నెత్తిన కప్పుకుని, అరచెయ్యి తీసుకెళ్ళి సరిగ్గా మీటల మీదే ఆనించింది. కళ్ళు మూసుకుంది.

భూమ్యాకాశాల సృష్టి దగ్గర మొదలుపెట్టింది. ఆస్పత్రుల్లో ఉన్నవాళ్ళను తలుచుకుంది. విమానాలు తిరగాలని అడిగింది. రూత్ చూసుకునే ముసలివాళ్ళను, తెల్లవాళ్ళే అయినా, పేరుపేరునా అప్పగించింది. లాప్‌టాప్ దాకా ఇంకా రాలేదు. ఆమె చేతి కింద పాస్‌వర్డ్ గడిలో చుక్కలు బారులు తీరుతున్నాయి. జూడీ గోడ గడియారం చూసింది. నన్ను చూసింది. పరీక్ష మొదలయ్యే వేళయింది.

"ఆమేన్!" అన్నాను.

ఎంత గట్టిగా అన్నానో నాకే తెలియలేదు. రూత్ ఉలిక్కిపడి ఆమేన్ అంది. ఫోనులో పాస్టరుగారూ ఆమేన్ అనేశారు.

అమ్మ ఒక కన్ను తెరిచింది. "ఇంకా అవలేదురా."

"మిగతాది వంటింట్లో చేసుకుందువుగాని రామ్మా," అని, ఆమె చెయ్యి మెల్లగా మీటల మీదినుంచి తీశాను.

ఆమె నా మొహంలోకి చూసింది. ఏమనుకుందో, లేచి నా వెంట వచ్చింది. వెనకాల మీటలు టకటకలాడాయి. "సారీ మిస్, ఐయామ్ హియర్," అన్న జూడీ గొంతు, దానికి ఎవరో "గుడ్ మార్నింగ్, జూడీ" అనడం వినిపించాయి.

"అసలు దాని సంగతే చెప్పలేదురా దేవుడికి," అంది అమ్మ.

వంటింటి గుమ్మం పక్కన, కెమెరాకు కనపడకుండా నిలబడి, పిల్ల వైపు చెయ్యి చాపింది. పెదవులు కదులుతున్నాయి గాని మాట బయటికి రానివ్వలేదు. కుడిచెయ్యి నొప్పెడితే ఎడమచెయ్యి చాపింది. పరీక్ష అయ్యేదాకా దించలేదు.