కొర్రల కుండలో కమ్మలు

బడి ఆయా హనుమంతమ్మ పెదాల మధ్య మూడు పిన్నీసులు పట్టుకుని, నాలుగోది స్తుతి భుజం మీద గుచ్చుతోంది. బడి వార్షికోత్సవం. స్తుతి ఈ రోజు మేఘం. నల్లగుడ్డకు వెండికాగితాలు కుట్టిన ఆ వేషం రెండో తరగతి పిల్లకు పాదాల దాకా జారుతోంది.

"కుదురుగా నిలబడల్యావా?" అని కసిరింది. కుదురు లేనిది తనకు. అత్త మీద కోపం దుత్త మీద. పొద్దున అక్క కొడుకు కంబన్న ఫోన్ చేసినప్పటి నుంచీ పెట్టిన పిన్నీసే మళ్ళీ తీసి పెడుతోంది.

"చిన్నమ్మా, అమ్మకు శానా కష్టంగా ఉండాది. నిన్నే అడుగుతాండాది. ఒక్కసారి రా."

అక్క ఈరమ్మ ఇల్లు కోడుమూరులోనే, బడికి రెండు వీధుల అవతల. తొమ్మిదేళ్ళుగా హనుమంతమ్మ ఆ వీధి తొక్కలేదు. అమ్మ పోయాక అమ్మ కమ్మలు కనిపించలేదు. నువ్వే తీసినావని అక్కను నలుగురిలో నిలదీసింది. నీ ఇంట్లో గుక్కెడు నీళ్ళు తాగితే ఒట్టని లేచి వచ్చింది. మరుసటి ఏడు విత్తనాలకని తన ఇంట్లోని కొర్రల కుండ బోర్లిస్తే అడుగున గుడ్డముక్కలో కమ్మలు. దొంగల భయానికి అమ్మే దాచింది. దాచినట్టు తనకు చెప్పింది కూడా. తనే మర్చిపోయింది.

అప్పటి నుంచి తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది. ఈ రోజు ఆ కమ్మలు కొంగున ముడేసుకుని వచ్చింది గానీ, అక్క దగ్గరికి పోతుందో లేదో తనకే తెలియదు.

నాటకం మొదలైంది. రైతు వేషంలో భూపేష్ చేతులు చాపి వానను పిలిచాడు. స్తుతి నోరు తెరిచింది. మాట రాలేదు. షామియానా కింద ఎవరో నవ్వారు. తెర పక్కన హనుమంతమ్మ కొంగుముడి పిసుకుతోంది.

పిల్ల మైకు దగ్గరికి వచ్చింది. "నేను మర్చిపోయినా" అంది, అందరికీ వినిపించేలా.

భూపేష్ పోయి ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. "మాటలు ల్యాకున్నా ఏం కాదులే. నువ్వు కురువు."

స్తుతి భుజాలు కుదిపింది. వెండికాగితాలు గలగలలాడాయి. ఏడేళ్ళ పిల్లకున్న ధైర్యం తనకు లేకపోయిందని హనుమంతమ్మకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. పిన్నీసుల డబ్బా టీచరమ్మ చేతిలో పెట్టి ఎండలో పడి నడిచింది.

ఈరమ్మ ఇంట్లో చుట్టాలంతా మంచం చుట్టూ కూర్చుని ఉన్నారు. హనుమంతమ్మ గడపలోనే నిలబడి కొంగు విప్పింది.

"కమ్మలు మా కుండలోనే ఉన్న్యాయి. అక్క తియ్యల్యా. నేనే మర్చిపోయి నింద ఏసినా."

మంచం దగ్గరికి వచ్చి కమ్మలు అక్క ముందుకు చాపింది. ఈరమ్మ కళ్ళు తెరిచింది. కమ్మల వైపు చూడనే లేదు.

"ఎండన పడొచ్చినావే" అంది, గాలి పీల్చుకుంటూ. "కంబన్నా, చిన్నమ్మకు నీళ్ళియ్యప్పా."

హనుమంతమ్మ చెంబెత్తి రవిక తడిసేలా గటగటా తాగింది. అక్కకూ ఒక గుక్క తాగిద్దామని పెదాల దగ్గర చెంబు వంచింది. నీళ్ళు లోపలికి పోలేదు, చెంప మీదుగా జారి దిండులో ఇంకాయి.

కంబన్న వంగి తల్లి కళ్ళు మూశాడు. మంచం కోడు పక్కన చెంబు సగం నీళ్ళతో ఉండిపోయింది.