తాళం దేవుడు వేయలేదు

మిల్లులో పత్తి గదికి నిప్పంటుకున్న రోజు ఆ తలుపు మీద అరచేయి ఆనించిన మనిషి ఆమె ఒక్కతే. మగ్గాల హోరులో లోపలి కేకలు వినబడలేదు. చెక్కను లోపలినుంచి గోళ్ళతో గీరుతుంటే ఆ గీరుడు మాత్రం చేతికి తెలిసింది. తలుపుకు పిడికిలంత తాళం. తాళంచెవి మేస్త్రీ దగ్గర, మేస్త్రీ భోజనానికి పోయాడు. అతను మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి గీరుడు ఆగిపోయింది. ముగ్గురు ఆడవాళ్ళు పోయారు. అందులో ఒకామె ఆమెకు స్వయానా తోడికోడలు.

తెగిన పోగులకు ముడులు వేయడం ఆమె పని. అందుకే అందరికీ ముడులక్క. దేవుడికి దణ్ణం పెట్టుకోనిదే మంచినీళ్ళయినా ముట్టదు.

సంతాప సభలో యజమాని కళ్ళు ఒత్తుకుంటూ, "అంతా దేవుడి నిర్ణయం. మనం నిమిత్తమాత్రులం" అన్నాడు. రెండు వందల మంది చేతులు జోడించారు. ముడులక్క లేచి నిలబడింది.

"అయ్యగారూ, తాళం దేవుడు వేయలేదు. పత్తి దొంగిలిస్తున్నారని మీరు వేయించారు. చేసింది మీరు, నింద ఆయనకా?"

మర్నాడు గేటుకు కాగితం అంటించారు. దైవదూషణ చేసిన ఆ మనిషి శనివారంలోగా అందరి ముందు క్షమాపణ చెప్పాలి. లేకపోతే మిల్లు మూత. యజమాని ఆమెను పల్లెత్తు మాట అనలేదు. ఆ పని కూలీలకే వదిలేశాడు.

మధ్యాహ్నం గేటు ముందు సభ పెట్టారు.

"నీ ఒక్కదాని నోటి దూలకు మా పిల్లలు పస్తులుండాలా?"

"అందరూ ఒక దారి, ఈవిడ ఒక దారి. పెద్ద సత్యసంధురాలు బయల్దేరింది."

"నేను అబద్ధమాడానా? అది చెప్పండి చాలు" అంది ముడులక్క.

"నిజమో అబద్ధమో ఎవడిక్కావాలి? ఒక్క మాట, 'తప్పయింది' అను. నోరేమన్నా అరుగుతుందా?"

పడుగు తాత, షెడ్డులో అందరికంటే పాతవాడు, గొంతు సవరించుకున్నాడు. "మనమంతా కాదన్నామని అక్కడ తాళం లేకుండా పోయిందంట్రా?"

"తాతా, నీకు ముందూ వెనకా ఎవరూ లేరు. కూర్చో."

తాత కూర్చున్నాడు. ఆమె క్షమాపణ చెప్పాలనేవాళ్ళను చేతులెత్తమన్నారు. అందరికంటే ముందు లేచిన చేయి ఆమె మరిదిది. చచ్చిపోయినది అతని భార్యే. ఆ చేయి చూశాక మిగతావాళ్ళు వెనకాడలేదు. చేతులు లెక్కపెడితే ఎంతమందో తెలుస్తుంది. నిజమేదో కూడా తెలుస్తుందా?

తిరిగి వెళ్ళేటప్పుడు ఆమె మరిదిని ఆపింది. "నువ్వు కూడానా నాయనా?"

అతను నేల చూస్తూ అన్నాడు. "దేవుడు తీసుకెళ్ళాడనుకుంటే కన్ను మూతపడుతోంది వదినా. తాళం అనుకుంటే ఎట్లా పడుకోను? నా మగ్గం ఆ తలుపుకు పది అడుగులు. పది అడుగులు వదినా. నేను చూడలేదు."

ఆ షెడ్డులో చెవులతో పని లేదు. అందరూ పెదవులు చూసి మాటలు పోల్చుకుంటారు. హాస్యాలూ తిట్లూ ఇంటి కష్టాలూ అన్నీ పెదవుల మీదే. అలాంటి చోట మనిషిని వెలివేయడానికి గోడలు కట్టనక్కర్లేదు, మొహం తిప్పుకుంటే చాలు. ఆ వారమంతా ఆమె ఎటు తిరిగితే అటు వీపులే. పోగు తెగినా ఆమెను పిలవలేదు. తామే వచ్చీ రాని ముడులు వేసుకున్నారు. ఆమె అన్నం గిన్నెలో ఎవరో నూనె గుడ్డ పెట్టారు. గురువారం ఆమె జారి పడితే దాటుకుని పోయారు. దాటినవాళ్ళలో ఆమె చేతుల మీద పురుడు పోసుకున్న మనిషి కూడా ఉంది.

ఆమె దేవుణ్ణి ఒక్కటే అడిగింది. "నీ పేరు కాపాడబోయి ఇంతమందికి కానిదాన్నయ్యాను. నేనేమన్నా తప్పు చెప్పానా స్వామీ?" అరచేతిలో గీరుడు ఇంకా పోలేదు.

శనివారం యజమాని వచ్చాడు, వెంట ఇద్దరు పోలీసులు. సరుకు సోమవారానికి పంపాలి కాబట్టి మగ్గాలు ఆపనివ్వలేదు. చెవుల్లో దూది పెట్టుకుని, ఆమెను పత్తి బేలు మీదికెక్కించి, చేతికి క్షమాపణ కాగితం ఇచ్చాడు. మేస్త్రీ మగ్గం మగ్గానికీ తిరిగి గడ్డాలు పట్టి మొహాలు తిప్పాడు. "అందరూ ఆవిడ మొహమే చూడాలి. అయ్యగారి ఆర్డరు."

వారం తర్వాత మొదటిసారి ఆమెకు మొహాలు కనబడ్డాయి.

ఆమె కాగితం వైపు చూడలేదు. గొంతు పెగల్చకుండా, పెదవులతోనే నెమ్మదిగా చెప్పింది. తాళం దేవుడు వేయలేదు. మా చెల్లి గోళ్ళు నా అరచేతికి తగిలాయి. చాలాసేపు తగిలాయి. కొత్త తలుపుకు మళ్ళీ అదే తాళం వేశారు. లోపల ఇప్పుడు నలుగురున్నారు. వాళ్ళు ఎవరి అక్కచెల్లెళ్ళు?

యజమాని బుద్ధిగా తల ఊపుతున్నాడు. క్షమాపణ బాగానే సాగుతోందనుకున్నాడు.

ముందు మరిది మగ్గం ఆగింది. తర్వాత దాని పక్కది. తర్వాత వరస మొత్తం. పడుగు తాత మగ్గం ఆఖరుకు ఆగింది, ముసలి చేతులు కదా. షెడ్డులో ఎవరూ ఎన్నడూ ఎరగని నిశ్శబ్దం. యజమాని చెవుల్లోంచి దూది లాగాడు.

"ఎందుకాపారు? ఏం చెప్పింది?"

"తాళం దేవుడు వేయలేదని చెప్పాను అయ్యగారూ" అంది ముడులక్క, ఈసారి గొంతెత్తి.

మేస్త్రీ ఇనుప కడ్డీతో ఆమె నోటి మీద కొట్టాడు. రెండు పళ్ళు బేలు మీద రాలాయి. పోలీసులు జుట్టు పట్టి ఈడ్చుకుపోయి జీపులో పడేశారు. యజమాని కింద పడ్డ ఆ కాగితాన్నే తీసి మరిదికి అందించాడు. "నువ్వు చదువు. మీ ఇంటి తరఫున."

మరిది కాగితం తీసుకున్నాడు. దాన్ని మడిచి, బేలు మీది వదిన రక్తం తుడిచాడు. తర్వాత మేస్త్రీ చేతిలోని కడ్డీ లాక్కుని పత్తి గది వైపు నడిచాడు. పది అడుగులు. వెనక కూలీలు వరసలు వరసలుగా కదిలారు.

జీపు ఇంజను హోరులో ముడులక్కకు దెబ్బల చప్పుడు వినబడలేదు. చువ్వల్లోంచి చూసింది. తెరిచిన షెడ్డు తలుపు దగ్గర, పగిలిన తాళాన్ని పైకెత్తి పట్టుకుని మరిది. అతని వెనక నలుగురు ఆడవాళ్ళు, ఒంటినిండా పత్తి. వాళ్ళ వెనక రెండు వందల మంది. అందరి పెదవులూ ఒక్కలాగే కదులుతున్నాయి.

అంత దూరం నుంచి కూడా ఆమె చదవగలిగింది.