తిని వెళ్ళమన్న మాట

చీమకుర్తిలో గ్రానైటు పలకలు కోసి, పాలిష్ చేసి విదేశాలకు పంపే కంపెనీలో శ్రీదివ్య కాగితాల పని చూసేది. ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుందని ఆఫీసులో పేరు. ఆ పేరే ఆమెకు మగ్దాను తెచ్చిపెట్టింది.

మగ్దా పోలండు మనిషి. నలభై దాటాయి. జుట్టు మెడ పైకి కత్తిరించుకునేది. మన నల్లరాయి వాళ్ళ దేశంలో సమాధుల మీదికి వెళుతుంది. కంటెయినరు ఎక్కేముందు ఒక్కో పలకనూ నీళ్ళతో తడిపి, టార్చి వేసి, సన్నని పగులేమైనా ఉందేమో చూడటం ఆమె ఉద్యోగం. ఎనిమిది నెలల కోసం వచ్చి, ఒంగోల్లో సుబ్బలక్ష్మి గారనే ఆవిడ ఇంట్లో మేడమీద వాటాలో దిగింది. వచ్చిన వారానికే యజమాని గురునాథం గారి గదిలోకి వెళ్ళి, ఇక్కడున్నన్నాళ్ళూ ఒక్క ఆదివారం కూడా గదిలో కూర్చుని పోగొట్టుకోనని చెప్పింది.

గురునాథం శ్రీదివ్యను పిలిచాడు.

"కారిస్తాను. సుభానీ తోలతాడు. నువ్వు తోడెళ్ళమ్మా, సోమవారం సెలవు తీసుకుందువుగాని. మంచివి చూపించు. మన పరువు నీ చేతిలో ఉంది."

అలా మొదలయ్యాయి ఆ ఆదివారాలు. కోటప్పకొండ ఎక్కారు. భైరవకోనలో జలపాతం కింద తడిశారు. ఏమీ తోచని వారం అద్దంకి రోడ్డున పోతూ పత్తి చేను కనిపిస్తే దిగిపోయేది మగ్దా. గుళ్ళూ కొండలూ కంటే ఆమెకు మనుషులు కావాలి. మొదట్లో ఫోన్లో తర్జుమా చేసే యాప్ పెట్టుకుని చూసింది గాని, పొలాల్లో వాళ్ళ గబగబా మాటలు దానికి అందలేదు. దాంతో శ్రీదివ్య చెప్పిందే మాట అయింది. ఎవరేమన్నా వెంటనే ఆమె మొహంలోకి చూసేది. విన్నది ఒక నీలం అట్ట నోట్‌బుక్కులో రాసుకునేది.

శ్రీదివ్యకు అది బాగుండేది. ఏసీ కారు, పక్కన దొరసాని. తను ఏం చెబితే అదే ఈ దేశం. మొదట చిన్నచిన్నవే మార్చింది. అద్దంకి దగ్గర మిర్చి కల్లంలో తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు మగ్దాను చూసి, "ఏందే, మొగుడు వదిలేశాడా, ఆ జుట్టేంది?" అని పడీ పడీ నవ్వారు. "నీ జుట్టు చాలా బాగుందంటున్నారు" అని చెప్పింది శ్రీదివ్య. మగ్దా ఘాటుకు తుమ్ముతూనే వాళ్ళకు దణ్ణం పెట్టింది. ఇందులో తప్పేముంది, ఎవరికీ నొప్పి లేదు కదా అనుకుంది శ్రీదివ్య.

మార్చిలో ఒక ఆదివారం వాడరేవు వెళ్ళారు. బీచిలో జనం ఎక్కువగా ఉన్నారని మగ్దా ఇసుకలో ఉత్తరంగా నడుచుకుంటూ పోయింది. పడవలు దాటాక, నేలమీద వలలు పరిచి చేపలు ఎండబోస్తున్న ఒకావిడ కనిపించింది. యాభై ఏళ్ళుంటాయి. పేరు సంతోషకుమారి అని చెప్పింది. మగ్దా ఫొటోలు తీస్తానని సైగ చేస్తే నవ్వుతూ చేప ఎత్తి పట్టుకుంది. కాసేపటికి ఎండ మాడ్చేస్తుంటే తాటాకు పందిట్లోకి రమ్మంది. పందిట్లో గిన్నెల మీద మూతలు పెట్టి ఉన్నాయి.

"పొద్దుటేల నుంచీ ఎండన పడి తిరుగుతున్నారు. అన్నం తిని ఎళ్ళండి."

శ్రీదివ్య మొహమాటంగా నవ్వింది.

"పర్లేదులెండి."

"పర్లేదంటే ఎట్టా? ఇప్పుడే దించా. నీచు తినకపోతే టమాటా పప్పుంది. అన్నం తిని ఎళ్ళండమ్మా."

మగ్దా ఇద్దరి వంకా చూస్తూ, "ఏమంటోంది?" అంది.

శ్రీదివ్య కళ్ళు ఆ గిన్నెల మీదా, పక్కన ఇసుకతో తోమిన కంచాల మీదా పడ్డాయి. వాళ్ళింట్లో అందరూ టీచర్లే. ఇలాంటి పట్టింపులు ఎప్పుడో పోయాయని నాన్న నలుగురిలో చెప్పేవాడు. కానీ వాళ్ళ ఇంట్లోంచి ఎవరూ ఇలాంటి పందిట్లో కూర్చుని ముద్ద మింగడం ఆమె చూడలేదు. 

"ఫొటోలు తీసింది చాలు, ఇక వెళ్ళమంటోంది" అంది ఇంగ్లీషులో.

మగ్దా మొహం పాలిపోయింది. వెంటనే కెమెరా సంచిలో పెట్టేసింది. రెండు చేతులూ జోడించి, తల వంచి, వెనక్కి వెనక్కి అడుగులేసింది.

"అయ్యో, అదేందమ్మా! అన్నం తిని ఎళ్ళండి" అని మూడోసారి అంది సంతోషకుమారి. అప్పటికి మగ్దా గబగబా కారు వైపు నడుస్తోంది. శ్రీదివ్య వెనక్కి చూడలేదు.

నీళ్ళ సీసా ఇద్దామని అక్కడిదాకా వచ్చిన సుభానీ అంతా విన్నాడు. "మేడమ్, ఆవిడ..." అన్నాడు.

"కారు తియ్యండి సుభానీ గారూ" అంది శ్రీదివ్య.

ఒంగోలు చేరేదాకా మగ్దా ఒక్కటే అంది. "ఆమె ఏమీ లేని మనిషి. వింత వస్తువును చూసినట్టు చూశాను. ఆమెకు కోపం రావడం న్యాయమే." రాత్రి కూర్చుని ఆ ఫొటోలన్నీ చెరిపేసిందని మంగళవారం ఆఫీసులో తెలిసింది.

శుక్రవారం మధ్యాహ్నం మగ్దా శ్రీదివ్య బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. చేతిలో నీలం నోట్‌బుక్కు.

"అనం తిని ఎలండి" అంది ముక్కలు ముక్కలుగా.

శ్రీదివ్య కీబోర్డు మీద వేళ్ళు ఆగిపోయాయి.

"ఆమె ఆ మాట మూడుసార్లు అంది. నన్ను తిట్టిన మాట కదా, మర్చిపోకూడదని రాసిపెట్టుకున్నాను. ఇంకెక్కడైనా ఎవరైనా అలా అంటే ముందే వెళ్ళిపోవచ్చని. నిన్న సుబ్బలక్ష్మి గారికి చదివి వినిపించాను. ఆవిడ నవ్వింది. నన్ను కూర్చోబెట్టి కంచం పెట్టేసింది."

శ్రీదివ్య ఏదో అనబోయింది. "అంటే... నీ కడుపుకు పడదేమోనని..."

మగ్దా వినిపించుకోలేదు. నోట్‌బుక్కు తెరిచి, పేజీ తర్వాత పేజీ మెల్లగా తిప్పింది. ప్రతి పేజీ పైనా ఊరి పేరు, తేదీ, కింద మాటలు. ఒకచోట ఆగింది. "మిర్చి కల్లంలో ఆడవాళ్ళు నా జుట్టు బాగుందన్నారు." తలెత్తి చూసింది. శ్రీదివ్య తల దించుకుంది.

"దివ్యా, ఇందులో వాళ్ళ మాటలు ఏవి, నీ మాటలు ఏవి?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే శ్రీదివ్య కూడా కోపం తెచ్చుకునేది. పక్క బల్లల వాళ్ళకు ఇంగ్లీషు అంతగా అర్థం కాకపోయినా ఏదో జరిగిందని తలలు తిప్పారు. ఆమెకు చెవులు వేడెక్కాయి. బాత్రూములోకి వెళ్ళి చాలాసేపు నీళ్ళ చప్పుడు చేస్తూ నిలబడింది.

ఆ ఆదివారం మళ్ళీ వాడరేవు వెళ్ళారు. మగ్దాయే వెళ్దామంది. దారిలో శ్రీదివ్య చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటూనే ఉంది. చేరేసరికి మూడు దాటింది. సంతోషకుమారి ఎండిన చేపలు గోతాల్లోకి ఎత్తుతోంది. వీళ్ళను చూసి పని ఆపలేదు.

"ఏం కావాల?"

"పోయిన ఆదివారం మీరు తినమన్నారని నేను ఆవిడకు చెప్పలేదండి" అంది శ్రీదివ్య. "ఆవిడకు తెలియదు. తప్పు నాది."

"ఎందుకు చెప్పలా?"

కారులో కూడబలుక్కున్నవి ఒక్కటీ రాలేదు. వచ్చింది పాత మాటే. "ఆవిడకు పడదేమోనని..."

సంతోషకుమారి నడుం నిటారుగా చేసి చూసింది.

"ఆవిడకా, నీకా?"

మగ్దా మెల్లగా, "ఏమంది?" అంది.

ఇప్పుడు మార్చడానికి లేదు. ఆ ప్రశ్ననే ఇంగ్లీషులో చెప్పింది.

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు."

"అడిగింది కదా. చెప్పు."

శ్రీదివ్య ఇసుకలోకి చూస్తూ, "నాకేనండి" అంది తెలుగులో.

"పప్పుందని కూడా చెప్పానే" అంది సంతోషకుమారి. మళ్ళీ వంగి గోతం మూతి బిగించుకుంది. "ఈ తెల్లావిడకు నచ్చలేదేమో, చేతులు జోడించి మరీ పారిపోయిందని వారమంతా మా కోడలి దగ్గర బాధపడ్డా."

అప్పుడు మగ్దా ముందుకొచ్చింది. సుబ్బలక్ష్మి గారి దగ్గర నేర్చుకున్నట్టుంది, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఒక్కో మాటా పలికింది.

"నాకు... తెలీదు. నాకు... ఆకలి."

సంతోషకుమారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేసింది. "ఇప్పుడా ఆకలి! అన్నం అడుగంటిందే తల్లీ!" అంటూనే తొట్టి బోర్లించి మగ్దాను కూర్చోబెట్టింది. మిగిలిన అడుగన్నం, చేప ముక్క వేసి కంచం ఇచ్చింది. కాస్త దూరాన నిలబడ్డ సుభానీని కూడా పిలిచింది. అతను తినొచ్చానని చెప్పి టీ చాలన్నాడు.

శ్రీదివ్యను ఆమె పిలవలేదు. పగతో కాదు. తినదని తెలిసిన మనిషిని మళ్ళీ అడగడమెందుకనుకుని ఉంటుంది. శ్రీదివ్య పందిరి గుంజ పక్కన నిలబడి మగ్దా తింటుంటే చూసింది. పిలిస్తే బాగుండునని ఆమెకు అనిపించడం అదే మొదలు.

ఆ తర్వాత మగ్దా ఆదివారాలు ఒక్కతే, బస్సుల్లో వెళ్ళడం మొదలుపెట్టింది. మళ్ళీ ఆ ఫోను యాప్‌నే వాడుతోంది. అది ఇక్కడి మాటలకు పిచ్చి అర్థాలు చెబుతుందని ఆఫీసులో నవ్వుతూ చెప్పింది. "మరెందుకు, నేను వస్తాను కదా" అంది శ్రీదివ్య.

"అది తప్పులు చెబుతుంది" అంది మగ్దా. "కావాలని చెప్పదు."

బాధ పెట్టాలని అన్న మాట కాదు. అందుకే శ్రీదివ్య మనసులో చాలా రోజులు ఉండిపోయింది.

జూన్ ఆఖరులో శ్రీదివ్య ఒక్కతే చీరాలలో రైలు దిగి, ఆటోలో వాడరేవు వెళ్ళింది. పందిట్లో సంతోషకుమారి లేదు. కోడలు బిడ్డకు జడ వేస్తోంది.

"ఎవరొచ్చారని చెప్పమంటారు?"

"దివ్య అని... మార్చిలో తెల్లావిడతో వచ్చాను."

కోడలు జడ ఆపి పై నుంచి కిందిదాకా చూసింది. "మీరేనా?" అంది.

ఆ ఒక్క మాటలో అంతా ఉంది. ఈ పల్లెలో తన గురించి ఎన్నిసార్లు చెప్పుకున్నారో! వెళ్ళిపోదామనుకుంది. అయినా గంట సేపు ఇసుకలో కూర్చుంది.

సంతోషకుమారి నెత్తిన తట్టతో వచ్చింది. "ఏమ్మా, ఒక్కదానివే వచ్చావా? ఎందుకు?"

"సిగ్గేసిందండి" అంది శ్రీదివ్య. "అప్పట్నుంచీ సిగ్గుగానే ఉంది."

ఆవిడ తట్ట దించి, చెమట తుడుచుకుంది.

"సిగ్గుకు నేనేం మందియ్యనమ్మా?" అంది. తర్వాత తూర్పున కమ్ముకొస్తున్న మబ్బు చూసి, "వాన పడేటట్టుంది. నిలబడ్డావు కదా, ఆ పట్టా కొస పట్టుకో" అంది.

ఇద్దరూ చేపల మీద పట్టా లాగి, అంచుల మీద రాళ్ళు పెట్టారు. అంతకు మించి మాటలేమీ జరగలేదు. చినుకులు మొదలయ్యాక శ్రీదివ్య ఆటో కోసం రోడ్డు దాకా పరిగెత్తింది.

ఇంట్లో వాళ్ళమ్మ, తల తడిసిందేమిటే, ఎక్కడికెళ్ళావంది. వాడరేవని చెప్పింది. చేతులు కడుక్కో, నీచు వాసన వస్తున్నాయంది అమ్మ. శ్రీదివ్య దొడ్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చేతుల వంక చూస్తూ చాలాసేపు నిలబడింది.