తగినంత

"నీకేమమ్మా, ఏసీలో కూచుని ట్యూబులు ఊపడమేగా" అంది అత్తగారు, ఆమె ఎంగిలి పళ్లాలు తోముతుంటే. మొగుడు పేపర్లోంచి తల ఎత్తకుండానే నవ్వాడు. ఆమెకి కోపం రాలేదు. కోపం వచ్చి చాన్నాళ్లయింది. పళ్లాలు బోర్లించి, చేతులు తుడుచుకుని, ల్యాబుకి బస్సెక్కింది.

ఊపడమే. ఎనిమిది నెలలు ఊపింది. చుక్క నెత్తుట్లో దాక్కున్న జబ్బు క్రిమి డీఎన్ఏకి యంత్రంలో కోట్ల నకళ్లు తీస్తేగానీ అది కంటికి ఆనదు. నకళ్లు తప్పుల తడకగా వస్తుంటే, మైక్రోస్కోపుకి కూడా అందనంత సన్నటి బంగారు నలుసులు కలిపితే దారికొస్తాయి. కానీ ఎంత? తక్కువైతే గుణం లేదు. ఎక్కువైతే నకలు తీసే ఎంజైమునే బంగారం పట్టేసుకుంటుంది, పని మొత్తం ఆగిపోతుంది. నలభై ఒక్క మోతాదులు చూసింది. ఆదివారాలొచ్చి చూసింది. కూతురికి జ్వరమొస్తే పక్కింట్లో పడుకోబెట్టొచ్చి చూసింది. "తల్లివేనా నువ్వు?" అన్నాడు మొగుడు. అతను తండ్రేనా అని ఎవరూ అడగలేదు. నలభై ఒకటోది కుదిరింది.

ఆ రోజు ల్యాబు పెద్దసారు గుమ్మంలోంచి తల పెట్టి, "బంగారం ఎంత పోశారమ్మా?" అన్నాడు. ఆమె చేతిలో పని ఉంది. ఇరవయ్యేళ్లుగా వంటింట్లో అరిగిపోయిన మాటే నోటికొచ్చింది. "తగినంత, సార్."

ఆ మహానుభావుడు దాన్ని అలాగే పరిశోధన వ్యాసంలోకి ఎక్కించాడు. తగినంత బంగారు ద్రావణం కలపాలి, అని. పైన మూడు పేర్లు, మూడూ మగవాళ్లవే. ఆమె పేరు అట్టడుగున, సాయపడినవాళ్లలో, ఫ్రిజ్జు బాగుచేసిన మెకానిక్కు తర్వాత.

సైన్సు పత్రికవాళ్లు వ్యాసం తిప్పి పంపారు. తగినంత అంటే ఎంత? సారు తనకి తోచినంత పోసి రెండుసార్లు చేశాడు. రెండుసార్లూ పని బూడిదపాలే.

"మీది హస్తవాసి అమ్మా" అంటూ వచ్చాడు.

"హస్తవాసి కాదు సార్, లెక్క. నా నోటుబుక్కులో ఉంది. నా పేరు పైన ఉండాలి." బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

"పెళ్లి కార్డు మీద వంటమనిషి పేరు వేస్తారామ్మా?" తన జోకుకి తనే నవ్వుకున్నాడు. "నాకు మీటింగుంది. ఆ కొలతేదో వేసి జవాబు మీరే పంపెయ్యండి. టైపింగు మీకు చిటికెలో పని." తన కంప్యూటరు తెరిచి ఆమె ముందుకి తోసి వెళ్లిపోయాడు.

లోపల ఏమీ కదల్లేదు. ఏడుపూ రాలేదు. నోటుబుక్కు తెరిచి కొలత కొట్టింది. దాని కింద నలభై ఒక్క తేదీలూ కొట్టింది. పత్రికవాళ్ల ఫారం చివర్లో ఒక గడి ఉంది: ఈ జవాబు ఎవరి తరఫున?

వేళ్లు ఆగాయి. పెళ్లయినప్పట్నుంచీ ఆమె సంతకాలన్నీ ఎవరో ఒకరి తరఫునే. బళ్లో మొగుడి తరఫున, ఆస్పత్రిలో అత్తగారి తరఫున, ఇక్కడ సారు తరఫున.

"నా తరఫున" అని కొట్టి, పక్కన తన పేరు కొట్టి, పంపేసింది.